తైబందీ పుస్తకం

గత వేసవిలో మా కార్యాలయానికి హైదరాబాద్ నుంచి ఒక శిక్షకుడు వచ్చి, కరెంటు పోయిన హాలులో మూడు గంటల పాటు, మనిషి తన శక్తిని ఎలా పొదుపు చేసుకోవాలో బోధించి వెళ్లాడు. ప్రతి మనిషిలోనూ ఒక జలాశయం ఉంటుందట. అడిగిన వాడికల్లా నీళ్లు వదిలితే సాయంత్రానికి అడుగు తేలుతుందట. కాబట్టి ఎవరికి ఎంత పోతోందో రాసుకొని, ఎక్కువగా పీల్చేవాళ్ల తూములు మూసెయ్యాలట. వేరే జిల్లా ఉద్యోగులకు ఇది ఉపమానంగా వినిపిస్తుందేమో గాని, నల్లగొండ మనిషికి జలాశయం అంటే పొద్దున పేపరులో చూసే అంకె. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, ఇవాళ ఎంత ఉంది, శ్రీశైలం నుంచి ఎన్ని క్యూసెక్కులు దిగుతున్నాయి అన్న చర్చ లేకుండా ఇక్కడ వానాకాలంలో టీ కొట్టు నడవదు. అందువల్ల ఈ శాస్త్రాన్ని ఆచరించడానికి నాకన్నా తగినవాడు రాష్ట్రంలో లేడని, చెమట తుడుచుకుంటూనే నిశ్చయించుకున్నాను.

మర్నాడే క్లాక్ టవర్ దగ్గర అరవై రూపాయలు పెట్టి ఒక పొడుగు పుస్తకం కొని, అట్ట మీద ‘తైబందీ’ అని రాశాను. చెరువులో ఉన్న నీటిని చూసి, ఆ యాసంగికి ఎవరెంత మడి సాగు చేయాలో ఊరంతా కూర్చొని తేల్చుకునే మన పాత పద్ధతి పేరు అది. లోపల నిలువుగా మూడు గళ్లు గీశాను: ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, మట్టం. ప్రతి ఉదయం ఆరు గంటలకు మంచం మీదనే కూర్చొని మట్టం నమోదు చేసేవాణ్ని. మోకాలు నొప్పి లేకుండా, పీడకల రాకుండా తెల్లవారితే 590. సాగర్‌కు కనీస మట్టంగా లెక్కించే 510 అడుగులనే నేనూ హద్దుగా పెట్టుకొని, అంతకు దిగితే పిల్లల ఫీజుల వంటి తాగునీటి అవసరాలకు తప్ప ఎవరికీ చుక్క వదలరాదని నాకు నేనే ఉత్తర్వు ఇచ్చుకొని సంతకం చేశాను.

మొదటి వారంలోనే అవుట్‌ఫ్లో గడి నిండిపోయింది. అందులో పెద్ద వాటా మా పై అధికారిది. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు ఎటు తిరిగినా లింగం మీద ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. దాని రహస్యం గురించి పండితులు తల పట్టుకుంటారు గాని, నా బల్ల మీద పదిన్నర నుంచి ఐదు వరకు కదలకుండా పడే నీడను గురించి ఇంతవరకు ఎవరూ పరిశోధించలేదు. తర్వాతి వాటా మా బావమరిదిది. పొలం గట్టు మీది హద్దురాయిని పక్కవాడు రాత్రికి రాత్రి జానెడు జరిపాడని ఆయన నలభై ఏడు నిమిషాలు ఫోన్‌లో వివరించాడు. సాగర్‌కు ఉన్నట్టే నాకూ 26 గేట్లు ఉన్నాయనుకొని, వాటిలో రెండింటిని మాత్రమే ఐదు అడుగుల మేర ఎత్తాను. అంటే, రెండు సార్లు ‘ఊ’ అన్నాను. మూడో ‘ఊ’ అడిగినప్పుడు, ఎగువన వర్షాభావం ఉందని చెప్పి పెట్టేశాను.

అసలు నష్టం పొదుపులో వచ్చింది. మా మేనత్త కొడుకు ఇంట్లో ఒడిబియ్యం దావత్‌కు రాలేనని, నా మట్టం 512 దగ్గర ఉందని మర్యాదగా ఫోన్‌లో మెసేజ్ పెట్టాను. 512 అన్నది షుగర్ లెక్క అని ఆయన అనుకున్నాడు. మరుసటి ఆదివారం పొద్దున్నే ఆరు కొబ్బరిబోండాలతో, ఇద్దరు పెద్దమనుషులతో, మెంతులు నానబెట్టిన నీళ్ల సీసాతో పరామర్శకు దిగాడు. ఎవరి పాదం ఏ ఆసుపత్రిలో ఎంతవరకు తీసేశారో మధ్యాహ్నం రెండింటి దాకా చెప్పి, భోజనం చేసి, నా పాదాలు కూడా ఒకసారి తిప్పి చూసి వెళ్లారు. దావత్‌కు పోయి ఉంటే గంటలో మటన్ తిని తిరిగి వచ్చేవాణ్ని.

ఈ విద్యకు మూలం ఎక్కడుందో చూద్దామని కొంత చదివాను కూడా. 1998లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కెట్ల వాసన నిండిన గదిలో కొందరిని కూర్చోబెట్టి, ముల్లంగి దుంపలు మాత్రమే తినమన్నారు. ఆ తర్వాత విడిపోని చిక్కుముడి లెక్క ఇస్తే, బిస్కెట్లు తిన్నవాళ్ల కన్నా ముల్లంగి తిన్నవాళ్లు ముందుగా చేతులెత్తేశారు. కాబట్టి మనోబలం వాడితే తరిగిపోయే నిల్వ అని తేల్చారు. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి ఇదే సంగతిని వేరే పరీక్షతో చూస్తే, ఆ తరుగుదల దాదాపు కనిపించలేదు. నేను మాత్రం మొదటి సిద్ధాంతాన్నే పట్టుకొని ఉన్నాను. పుస్తకానికి అరవై రూపాయలు అప్పటికే పోశాను మరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్నౌట్’ను తన జాబితాలో చేరుస్తూ, అది జబ్బు కాదని, పనిచేసే చోట అదుపు చేయని ఒత్తిడి వల్ల వచ్చేదని, ఉద్యోగానికి బయటి జీవితానికి ఆ మాట వాడరాదని రాసింది. ఈ నిర్వచనం నాకెంతో నచ్చింది. దాని ప్రకారం ఫైళ్లు తిప్పే నేను అధికారికంగా అలసిపోవచ్చు. తెల్లవారుజామున ఐదింటికి లేచి రాత్రి పదకొండుకు వంటింటి దీపం ఆర్పే మా ఇంటి మనిషికి ఆ సౌకర్యం లేదు.

ఆ మనిషి చేతికే పుస్తకం చిక్కింది. అటక మీది పెట్టె దించమని మూడు రోజులుగా అడుగుతుంటే నేను ‘కాలువల బందు’ అంటున్నానని, ఆ మాట సంగతేమిటో చూద్దామని తీసిందట. నిలబడే పేజీలన్నీ తిప్పింది.

“ఏందండీ ఇది? నా పేరు తొమ్మిది తాన్ల ఉంది, అన్నీ పోయిన లెక్కలనే ఉంది. ఈ వచ్చిన లెక్కల గడి అంత ఖాళీగ ఎందుకుంది?”

ఇన్‌ఫ్లో అనేది ప్రకృతి అని, వానలు పడితే దానంతట అదే వస్తుందని, దాన్ని ప్రత్యేకంగా రాయనక్కర లేదని శాస్త్రీయంగా వివరించాను. ఆమె పుట్టిల్లు దేవరకొండ వైపు. నీళ్ల సంగతి ఆ వైపు వాళ్లకు చెప్పబోవడం నా పొరపాటు.

“సాగర్ మన జిల్లాలనే ఉన్నా నల్లగొండకు నీళ్లు వాటంతట అవే ఎక్కొస్తయా? పుట్టంగండి కాడ మోటర్లు ఎత్తిపోస్తెనే గదా అక్కంపల్లికి వచ్చేది, ఆడికెల్లి పానగల్ చెరువు నిండేది? ఒక్క నాలుగు దినాలు మోటరు బందువెట్టి చూస్త, మీ 590 ఎంతకు దిగుతదో.”

ఆమె మాట మీద నిలబడే మనిషి. మర్నాడు మొదటి బస్సుకే దేవరకొండ వెళ్లింది. మొదటి రోజు ఉదయం ఆరింటికి మంచం మీద కూర్చున్నాను గాని టీ రాలేదు, మట్టం 560. రెండో రోజు గ్యాసు సిలిండరు అయిపోయింది, కొత్తది బుక్ చేసే నంబరు ఎవరి ఫోన్‌లో ఉందో అప్పుడు తెలిసింది, 531. మూడో రోజు పిల్లవాడి స్కూల్ బెల్టు కోసం గంటన్నర వెతికి, పాలు పొంగబెట్టి, కార్యాలయానికి ఆలస్యంగా పోయి ఆ నీడ కింద నిలబడ్డాను. ఆ రోజు అంకె రాయడానికి పెన్ను కూడా దొరకలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఆమె దిగి, గిన్నెల వైపు చూసి, ఏమీ అనకుండా కొంగు బిగించింది. నేను కుర్చీ ఎక్కి అటక మీది పెట్టె దించాను. ఆ తైబందీ పుస్తకంలో ఇప్పుడు పాల లెక్క నడుస్తోంది. నేను గీసిన గళ్లనే ఆమె వాడుకుంటోంది: పోసిన లీటర్లు ఒకవైపు, ఇచ్చిన పైసలు ఒకవైపు. పొంగబెట్టిన లీటరు నా పేరు మీద, ఎర్ర సిరాతో, విడిగా ఉంది.