సిమ్ము చేతిలో, ఫోను సంచిలో

ఒక ఫోన్ కొనడానికి నాకు మూడు వారాలు పట్టింది. మా నాయన కాడెద్దులు కొనేటప్పుడు కూడా ఇన్నాళ్లు తిరగలేదు. ఎద్దుకైతే పళ్లు చూస్తే చాలు. ఫోనుకు షరతులు చూడాలి.

మా అమ్మాయి పాత నోటుబుక్కులో నాలుగు సైట్లకు నాలుగు గళ్లు గీసి, పొద్దున ఒక రేటు, రాత్రి ఒక రేటు రాసుకున్నాను. అప్పుడు తిరుపతిలో గంగమ్మ జాతర. ఊళ్లో జనం రోజుకో వేషం కడతా ఉంటే, ఫోను ధర కూడా కట్టింది. బైరాగి వేషం రోజు 18,999 ఉన్నది, దొర వేషానికల్లా 19,499 అయి దర్జాగా కూర్చుంది. మాతంగి వేషం నాటికి మళ్లీ 18,999కే దిగింది. అదే అదను అనుకున్నాను.

దానికి ముందు రిటర్న్ షరతులు చదివాను. అది వేరే చదువు. పైన పెద్ద అక్షరాల్లో '7 రోజులు' అని ఉంటుంది. దాని మీద నొక్కితే, డబ్బు వాపసు కాదు, ఫోన్ మార్చడానికి మాత్రమే అంటుంది. నచ్చకపోతే మార్చరు, చెడిపోతేనే. చెడిపోయిందని మనం చెబితే నమ్మరు, వాళ్లు చూసి ఒప్పుకోవాలి. ఇంకో సైటు అయితే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోయి, వచ్చేటప్పుడే చెడిపోయి వచ్చిందని చీటీ రాయించుకు రమ్మంది.

ఒక బ్యాంకు కార్డుకు 1,500 తగ్గింపు. ఆ కార్డు చిత్తూరులో మా బామ్మర్ది దగ్గర ఉంది. "వాడుకో బావా, కానీ ఈఎంఐ పెడితేనే ఆఫరంట" అన్నాడు. వడ్డీ లేని ఈఎంఐ. వడ్డీ లేదు గానీ ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉన్నాయి. పాత ఫోను ఎక్స్చేంజికి 2,800. అన్నీ కూడి, తీసి, ఆర్డర్ పెట్టేశాను.

జాతర మంగళవారం నాడు ఫోన్ వచ్చింది. మా ఆవిడ పొంగలి పెట్టడానికి తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయింది, తన ఫోను తీసుకునే.

"సార్, పాతది రీసెట్ చేసి సిమ్ తీసేయండి" అన్నాడు డెలివరీ అబ్బాయి. తీసేశాను. పాత ఫోను గుర్తింపు నంబరు, అదే ఐఎంఈఐ, 15 అంకెలూ సరిచూసి, గీతలున్నాయేమో అని ఎండకు పట్టి చూసి, కవర్లో పెట్టి అంటించి సంచిలో వేశాడు.

"ఇప్పుడు ఓటీపీ చెప్పండి సార్."

నా అరచేతిలో సిమ్ము ఉంది, చిటికెనవేలి గోరంత. ఓటీపీ దానికే వస్తుంది.

"నీ ఫోన్లో వేసి చూద్దామా?"

"తీస్తే మా యాప్ లాగౌట్ అవుతుంది సార్."

"కొత్తది విప్పి అందులో వేస్తే?"

"ఓటీపీ చెప్తేనే విప్పాలి సార్."

పక్కింటి అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమెది బటన్ల ఫోను. వెనక మూత తీసి, బ్యాటరీ పక్కన పెట్టి, ఆమె సిమ్ము తీసి నాది తోశాను. అది పెద్ద సిమ్ము కాలంనాటి గూడు. నాది అడ్డంగా జారిపోయి లోపల ఎక్కడో ఇరుక్కుంది. "మాత్ర మింగినట్టు మింగేసిందే నాయనా!" అని అవ్వ చీర కుచ్చిళ్ల దగ్గరి పిన్నీసు తీసి ఇచ్చింది. గుమ్మంలో నిలబడి డెలివరీ అబ్బాయి టైము చూసుకుంటున్నాడు. పది నిమిషాలు గీకితే బయటపడింది. ఈలోగా ఆమె మనవడు ట్యూషన్ నుంచి వచ్చాడు కాబట్టి, వాడి ఫోన్లో వేసి ఓటీపీ చెప్పాను.

రాత్రి మా ఆవిడ గాంధీరోడ్డు షాపులో విచారించి వచ్చింది. అదే ఫోను 18,000, కవరూ గ్లాసూ ఫ్రీ, పాతదానికి వాళ్లూ 2,800 ఇస్తారట. నోటుబుక్కు మళ్లీ తీశాను. నాకు పడింది 17,499, అంటే మిగిలింది 501. కవరు, గ్లాసు కొన్నది 300. ఫీజు జీఎస్టీతో 235. మూడు వారాలు కష్టపడి 34 రూపాయలు నష్టపోయాను. ఆవిడకు చెప్పలేదు.

మరుసటి రోజు పొద్దున్నే అవ్వ వచ్చింది, చేతిలో ఫోను.

"నీ సిమ్ము తీసినప్పటి నుంచి ఇది పలకడంలా నాయనా. ఏడు రోజుల్లోపల అడిగితే మారుస్తారంట గదా, మా మనవడు చెప్పినాడు. ఇంకా ఒక రోజే అయింది."