ఇడ్లీ పెట్టొచ్చు, చట్నీ వేస్తే నేరం

మొన్న శనివారం మా బావగారింట్లో కూర్చుని ఇడ్లీ తింటున్నాం. మ్యాచ్ పన్నెండింటికి. ఆయన అప్పటికే యూనివర్సిటీ జెర్సీ తొడుక్కుని, ఇంటి ముందు జెండా పాతి, సోఫాలో తన మూల తాను ఆక్రమించుకుని, ముద్ద నోట్లో పెట్టుకుంటూ పెద్ద నిట్టూర్పు విడిచారు. ఎవరైనా పోయారేమో అనుకున్నా. పోయింది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అట, అదే, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట.

"డబ్బొచ్చి ఆటని సర్వనాశనం చేసిందోయ్. పంతొమ్మిదేళ్ళ వెధవలకి మిలియన్లు! ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు ఎవడెక్కువిస్తే అక్కడ. లాయల్టీ లేదు, పాడూ లేదు. మేం వచ్చిన కొత్తలో ఎంత పవిత్రంగా ఉండేదనుకున్నావ్!"

బావగారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కింద ఎమ్మెస్‌కి వచ్చారు, ఇప్పటికి ఏడు కంపెనీలు మారారు. కిందటిసారి చేతిలో రెండు ఆఫర్ లెటర్లు పెట్టుకుని మూడో కంపెనీ హెచ్‌ఆర్‌తో పార్కింగ్ లాట్‌లో నలభై నిమిషాలు బేరమాడారు, అవతల వాళ్ళ పెళ్ళిరోజు కేకు కారు డిక్కీలో కరిగి కారిపోతుండగా. దాన్ని మా ఇళ్ళల్లో కెరీర్ గ్రోత్ అంటారు. అదే పని రన్నింగ్ బ్యాక్ అనే, బంతి పట్టుకుని పరిగెత్తే కుర్రాడు చేస్తే ధర్మానికి గ్లాని.

నాకూ పవిత్రత అంటే భక్తి ఎక్కువే కాబట్టి, అది పోకముందు ఎలా ఉండేదో ఒకసారి స్మరించుకుందాం.

అమెరికాలో కాలేజీ ఆటలకి పెద్ద దిక్కు ఎన్‌సీఏఏ. ఇండియానాపొలిస్‌లో ఉంటుంది. ఆటగాడు డబ్బు తాకకూడదు, తాకితే మైల, ఇదీ అప్పట్లో దాని సిద్ధాంతం. మైల వివరాలన్నీ రాసిన రూల్స్ పుస్తకం నాలుగొందల పేజీల పైచిలుకు. అందులో ఒకప్పుడు ఒక ఆణిముత్యం ఉండేది. కాలేజీ వాళ్ళు ఆటగాడికి భోజనాల మధ్యలో పళ్ళు, పప్పుగింజలు, బేగెల్ ఇవ్వొచ్చు. బేగెల్ అంటే మధ్యలో చిల్లున్న గట్టి రొట్టె, వట్టిది నమలాలంటే దవడలు అరువు తెచ్చుకోవాలి, అందుకే జనం దాని మీద క్రీమ్ చీజ్ రాసుకుంటారు. ఆ క్రీమ్ చీజ్ రాసి ఇచ్చారో, రూలు తప్పినట్టు. వట్టి బేగెల్ చిరుతిండి, పూత పడితే భోజనం, లెక్కకి మించి భోజనం పెడితే అక్రమ లబ్ధి. 2013లో సడలించేదాకా పెద్ద పెద్ద చదువులు చదివిన మనుషులు సీరియస్‌గా అమలు చేసిన రూలు ఇది. నేను కల్పించింది కాదు.

మనకి బేగెల్ బాధ అంతగా తెలీదు కాబట్టి ఇడ్లీతో చెప్పుకుందాం. మెస్సు. ప్రాక్టీసు ముగించుకుని చెమటలు కక్కుతూ నూట ముప్ఫై కిలోల పిల్లాడొచ్చాడు. ప్లేట్లో రెండు వట్టి ఇడ్లీలు. పక్కన రూల్స్ తప్పకుండా కాపలా కాసే కంప్లయన్స్ ఆఫీసర్, మెడలో ట్యాగు, చేతిలో పుస్తకం. "సార్, కొంచెం చట్నీ..." "నాయనా, బంగారం లాంటి భవిష్యత్తు పాడుచేసుకోకు." పోనీ కారప్పొడి? ఆఫీసర్ పేజీలు తిరగేస్తాడు. పొడి పొడిగా ఉన్నంతసేపూ పూత కాదు కాబట్టి అభ్యంతరం లేదు, కానీ అందులో నెయ్యి పోసి కలిపిన క్షణం అది రాసుకోవడానికి వీలైన పదార్థం అయిపోతుంది, మూడు మ్యాచ్‌లు సస్పెన్షన్. మరి సాంబారు? సాంబారు రాయరు, ముంచుతారు. ముంచడం గురించి పుస్తకంలో లేదు. వెంటనే ఇండియానాపొలిస్‌కి మెయిలు పోతుంది. అక్కడ ఆరుగురు లాయర్లు కూర్చుని, ఇడ్లీని సాంబార్లో వేస్తే సాంబారు ఇడ్లీకి పూత అవుతుందా, లేక ఇడ్లీయే సాంబార్లో ముక్క అవుతుందా, ముక్కే అయితే మునక్కాడతో సమానంగా చూడాలా వద్దా అని నాలుగు వారాలు తర్జనభర్జన పడి, చివరికి మనిషికి ఒక చెంచా, అదీ కోచ్ సమక్షంలో, అని తేలుస్తారు. ఈలోగా ఇడ్లీ రాయయింది. పిల్లాడు దాన్నలాగే మింగి గ్రౌండుకి పోయాడు.

ఆ మెస్సులో నిలబడ్డ అందరికీ డబ్బొచ్చింది, గమనించారా? ఆఫీసర్‌కి జీతం, లాయర్లకి ఫీజు. ఇడ్లీ వడ్డించిన మన గుంటూరు కుర్రాడు ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడు, వారానికి ఇరవై గంటల క్యాంపస్ ఉద్యోగం, వాడికీ గంట లెక్కన డాలర్లు పడ్డాయి. ఎవడి కోసం ఇదంతా పెట్టారో వాడొక్కడే ఫ్రీ.

ఇరవై గంటలంటే గుర్తొచ్చింది, ఆటగాడికీ అదే లిమిట్. సీజన్‌లో వారానికి ఇరవై గంటలకి మించి ఆట పని చేయించకూడదు, చదువుకోవాలి కదా పాపం. మ్యాచ్ రోజు ఎన్ని గంటలు పట్టినా మూడే అని లెక్క. ప్రయాణం అసలు లెక్కలోకే రాదు. ఇక ఆ ప్రయాణం సంగతంటారా, పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ 2024 నుంచి 'అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్' అనే లీగ్‌లో ఆడుతోంది. భీమిలి బీచ్‌లో నిలబడి మాది అరేబియా సముద్రం అన్నట్టు. ఎందుకలా అంటే టీవీ డబ్బులు. డబ్బు కోసం దేశాన్ని అడ్డంగా దాటొచ్చు, దాటించేది యూనివర్సిటీ అయితే.

ఇడ్లీ కథకి నవ్వి ఉంటారు కదా, ఇప్పుడిది వినండి. ఒక్లహామా యూనివర్సిటీలో గ్రాడ్యుయేషన్ విందులో ముగ్గురు ఆటగాళ్ళు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పాస్తా తిన్నారు. యూనివర్సిటీ స్వయంగా వెళ్ళి తప్పు ఒప్పుకుంది. పరిహారంగా ఒక్కొక్కరూ 3 డాలర్ల 83 సెంట్లు ఏదైనా ధర్మకార్యానికి ఇచ్చుకుని మళ్ళీ పునీతులయ్యారు. ఈ సంగతి 2014లో బయటికొచ్చింది. నాకు ఆ 83 సెంట్ల మీదే మనసంతా. ఎవరో మహానుభావుడు తిన్నదాంట్లోంచి తినాల్సింది తీసేసి, మిగతాదానికి ధర కట్టి, రౌండు చెయ్యకుండా వదిలాడు. మా ఊరి పెళ్ళిళ్ళలో విస్తరాకుల లెక్క చూసే పెద్దమనిషికి కూడా ఇంత గుండె లేదు.

అదే 2014 ఏప్రిల్‌లో కనెక్టికట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ దేశం మొత్తానికి ఛాంపియన్ అయింది. ఆ టోర్నమెంట్ టీవీ హక్కులు 14 ఏళ్ళకి 1080 కోట్ల డాలర్లు పలికాయి. టీమ్‌ని గెలిపించిన షబాజ్ నేపియర్ విలేకరులతో ఏమన్నాడంటే, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటాను అన్నాడు. ఆ నెల్లోనే భోజనాల మీద లెక్క ఎత్తేశారు. బహుశా అప్పటిదాకా వాళ్ళకి తెలీదు కాబోలు, ఆడితే ఆకలేస్తుందని.

"చదువు ఫ్రీగా చెప్తున్నారు కదోయ్, మనం బ్యాంకులో అప్పు తెచ్చి చదివాం" అన్నారు బావగారు. ఇది మనవాళ్ళందరి గుండెల్లోంచి వచ్చే మాట, తేలిగ్గా కొట్టెయ్యలేం. కానీ 1973 నుంచి 2012 దాకా ఆ స్కాలర్‌షిప్ ఏడాదికోసారి రెన్యూ కావాలి, నాలుగేళ్ళకి రాసిస్తానని కాలేజీ అన్నా ఎన్‌సీఏఏ ఒప్పుకోదు. మోకాలు పోయిందా, వచ్చే ఏడు సంగతి కోచ్ దయ. ఇక చెప్పే చదువంటారా, నార్త్ కరోలినా యూనివర్సిటీలో పద్దెనిమిదేళ్ళ పాటు క్లాసే జరగని క్లాసులు నడిచాయి. ఒక పేపర్ రాసిచ్చి మార్కులు పట్టుకుపోవడమే. మూడు వేల మందికి పైగా తీసుకున్నారు, అందులో సగం దాకా ఆటగాళ్ళు. 2017లో ఎన్‌సీఏఏ అంతా విచారించి, ఆ క్లాసులు మిగతా విద్యార్థులకీ దొరికేవే కాబట్టి ఇందులో మా రూలేమీ తప్పలేదంది. పాస్తా తప్పు, పాఠం లేకపోవడం తప్పు కాదు.

పచ్చబొట్లు కూడా తప్పే. ఒహాయో స్టేట్ కుర్రాళ్ళు ఐదుగురు తమ ఉంగరాలూ, జెర్సీలూ అమ్ముకుని డబ్బులు, పచ్చబొట్లు తీసుకున్నారని 2010 డిసెంబర్‌లో ఐదు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు. అయితే రెండు వారాల్లో షుగర్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ ఉంది, టికెట్లు అమ్మేశారు, టీవీ వాళ్ళు ఎదురుచూస్తున్నారు. అందుకని శిక్ష వచ్చే సీజన్ నుంచి మొదలన్నారు. మా అమ్మమ్మ మడి కూడా ఇంతే, చుట్టాలొచ్చినప్పుడు మాత్రం సడలేది, కానీ ఆవిడ టికెట్లు పెట్టలేదు.

కోచ్‌లు మాత్రం ఈ మడికి బయట. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ 2023 నవంబర్‌లో తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది. కాంట్రాక్టు ప్రకారం ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్ల పైమాటే. ఆడించినందుకు కాదు, ఇక ఆడించొద్దన్నందుకు. ఆయనకి ఆట మీద ప్రేమ తగ్గినట్టు ఎవరూ బాధపడలేదు.

బొమ్మల సంగతీ చూడండి. ఎడ్ ఒబానన్ అనే ఆయన 1995లో యూసీఎల్‌ఏ అనే లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీని బాస్కెట్‌బాల్‌లో ఛాంపియన్‌గా నిలబెట్టాడు. ఏళ్ళ తర్వాత ఒక స్నేహితుడింట్లో పిల్లాడు ఆడుతున్న వీడియో గేమ్‌లో తనే కనిపించాడు. అదే గుండు, అదే 31 నంబరు, అదే ఎడమ చెయ్యి. ఒక్క సెంటు రాలేదు. 2009లో కేసేశాడు. మనకిది కొత్తేమీ కాదు లెండి, ర్యాంకు కొట్టిన పిల్లాడి ఫోటో ఫ్లెక్సీ మీదకెక్కించి వచ్చే ఏడు అడ్మిషన్లు నింపుకునే కాలేజీలని చూస్తూ పెరిగాం. ఆ ఫోటోకి పిల్లాడికేమైనా ముట్టిందా అని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇంతసేపూ నవ్వుతూనే రాశాను. ఇక్కడ నావల్ల కాదు.

ఈ 'స్టూడెంట్-అథ్లెట్' అన్న మాట ఉంది చూశారా, బావగారు రోజుకి పదిసార్లు ముద్దుగా అనే మాట, అదెక్కడ పుట్టిందో తెలుసా? 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ ఏ అండ్ ఎమ్ అనే చిన్న కాలేజీకి ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ అనే అతను తలకి దెబ్బ తగిలి చచ్చిపోయాడు. పెళ్ళాం, పిల్లలు ఉన్నవాడు. పనిలో పోయినవాడి కుటుంబానికిచ్చే నష్టపరిహారం తనకీ ఇమ్మని ఆ భార్య అడిగింది. అంతే, ఆవిడ అడిగింది. దానికి ఎన్‌సీఏఏ గుండెల్లో రాయి పడింది, ఇవాళ ఈమెకిస్తే రేపు అందరికీ ఇవ్వాలి. అప్పుడు కూర్చుని తయారుచేశారీ మాట. పనివాడు కాదు, స్టూడెంట్-అథ్లెట్. రూల్స్‌లో అదే, పేపర్లలో అదే, వాడండి వాడండి అని వాడించారు. ఆ మాట చెక్కిన వాల్టర్ బయర్స్ ముప్ఫై ఆరేళ్ళు ఎన్‌సీఏఏని నడిపి, రిటైరయ్యాక తనే పుస్తకంలో రాశాడీ సంగతి. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు ఏం తేల్చిందంటే, కాలేజీది ఫుట్‌బాల్ వ్యాపారం కాదు కాబట్టి ఆవిడకేమీ రాదని. ఏమీ రాలేదు. భాషలో ఒక అందమైన పదం పుట్టిందంటే ఒక విధవరాలి చేతిలో పైసా పడకుండా చెయ్యడానికి పుట్టింది, దాన్ని వీళ్ళు టీషర్టుల మీద వేసుకుని తిరుగుతారు, సిగ్గుండాలి.

పాత కథ అంటారా? 2018లో మేరీల్యాండ్ యూనివర్సిటీలో జోర్డన్ మెక్‌నెయిర్, పంతొమ్మిదేళ్ళవాడు, మే నెల ఫుట్‌బాల్ ప్రాక్టీసులో పరిగెత్తించగా పరిగెత్తించగా వడదెబ్బకి కూలిపోయి రెండు వారాలకి పోయాడు. ఒంటి వేడి దించడానికి చల్లటి నీళ్ళ తొట్టిలో పెట్టాలి. పెట్టలేదు. ఆ టీమ్ కోచ్‌ని కొన్నాళ్ళు పక్కన పెట్టి, అక్టోబర్ చివర ఒకరోజు మళ్ళీ పన్లోకి తీసుకుని, గొడవై, మర్నాడు తీసేశారు. తీసేసినందుకు కాంట్రాక్టు ప్రకారం ఆయనకి రావాల్సింది 50 లక్షల డాలర్లకి పైన. పిల్లాడి తల్లిదండ్రులకి 2021లో సెటిల్ చేసింది 35 లక్షలు. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టుకుని ఆట పవిత్రత గురించి ఎవరైనా నాతో మాట్లాడండి, వింటాను.

సరే. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదికి తొమ్మిదిమందీ, చదువుకి సంబంధించి ఆటగాళ్ళకిచ్చేదాని మీద పెట్టిన పరిమితులు చెల్లవని ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. జస్టిస్ కవనా విడిగా రాసినదాంట్లో ఒక పోలిక ఉంది. తక్కువ జీతగాళ్ళు వండిన వంటే కస్టమర్లకిష్టం అని చెప్పి ఊళ్ళో హోటళ్ళన్నీ కూడబలుక్కుని వంటవాళ్ళ జీతాలు కోస్తే ఊరుకుంటామా అని. ఆ జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరూ, బొమ్మా అమ్ముకోవచ్చన్నారు. 2025 జూన్‌లో ఇంకో కేసు సెటిలై, పాత బాకీ కింద 280 కోట్ల డాలర్లు పదేళ్ళలో కట్టడానికీ, ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది 2.05 కోట్ల దాకా ఆటగాళ్ళకి పంచడానికీ ఒప్పుకున్నారు. అయినా దాన్ని జీతం అనరు, రెవెన్యూ షేరింగ్ అంటారు, మన దగ్గర కట్నం అనకుండా లాంఛనాలు అన్నట్టు. జీతం అంటే మళ్ళీ డెనిసన్ భార్య గుర్తొస్తుంది. ఉన్న డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతోంది, మధ్యలో ఏజెంట్లు దూరారు, గందరగోళంగా ఉంది, కాదనను. సంతలో గందరగోళం ఉంటుంది. ఇన్నాళ్ళూ సంత గుళ్ళో పెట్టి హుండీ వాళ్ళే పట్టుకుపోయారు, తేడా అంతే.

ఇదంతా బావగారికి చెప్పాను. విన్నట్టే తలూపారు. తర్వాత కొంచెం దగ్గరికి జరిగి, అక్కయ్యకి వినపడకుండా, "అది సరేగానీ, ఇంకోచోట నుంచి కాల్ వచ్చిందోయ్. ఇప్పటిదానికన్నా పాతికవేలు ఎక్కువంటున్నారు. ఇంకాస్త సాగదీసి అడగమంటావా?" అన్నారు.

"పని మీద ప్రేమ ఉండాలి బావగారూ" అన్నా.

వినలేదు, టీవీలో టీమ్ గ్రౌండ్‌లోకి వస్తోంది. అక్కయ్య వచ్చి ఆయన ప్లేట్లో ఇంకో రెండు ఇడ్లీలు వేసి వెళ్ళింది. ఆయన కళ్ళు తెర మీదే పెట్టి చట్నీ గిన్నె కోసం చెయ్యి చాపారు. గిన్నె తీసి నా వెనక పెట్టుకున్నాను.