ఒకే దారికి రెండు శంకుస్థాపనలు

చెన్నై పోర్టు నుంచి ఊరి పడమటి శివారు మదురవాయల్ దాకా పిల్లర్ల మీద వేసే పైదారి ఫొటోలు పెట్టి మన తెలుగు గ్రూపుల్లో ఒకటే సంబరం. 'చెన్నై దశ తిరిగింది' అట! తిరిగింది దశ కాదండీ, ఫైలు.

2009 జనవరిలో మన్మోహన్ సింగ్ దీనికి శంకుస్థాపన చేశారు. 19 కిలోమీటర్లు, 1,655 కోట్లు అన్నారు. కూవం నది వెంబడి పిల్లర్లు లేచాయి. తర్వాత ప్రభుత్వం మారింది. పిల్లర్లు నదికి అడ్డమంటూ 2012లో జయలలిత ప్రభుత్వం పని ఆపేసింది. 2014లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసినా కదలిక లేదు. 2022 మేలో మోదీ చేతుల మీదుగా మళ్లీ శంకుస్థాపన. ఈసారి రెండంతస్తులు, ఖర్చు 5,800 కోట్ల పైమాటే.

నది గొడవ ఉత్తదని నేననను. 2015 డిసెంబరు చెన్నై వరద చూసినవాళ్లెవరూ అనరు. కానీ కొత్తదీ కూవం వెంటే పోతోంది కదా! అప్పుడు అడ్డమైనది ఇప్పుడెందుకు కాదో, డిజైన్‌లో ఏం మార్చారో నది పక్కనే ఉండే అమింజికరై, అరుంబాక్కం జనానికి అర్థమయ్యేలా చెప్పాలా వద్దా?

ఇంకో సంగతి. కోయంబేడు నుంచి నేపియర్ బ్రిడ్జి దాకా కింది అంతస్తు మన కార్లకి. గ్రూపుల్లో మాటలన్నీ దాని గురించే. అసలీ దారి పుట్టిందే లారీల కోసం, వాటికిచ్చింది పై అంతస్తు. చిత్తూరు నుంచి మామిడి గుజ్జు కంటైనర్ బెంగళూరు రోడ్డు మీద మదురవాయల్ దాకా హాయిగా వస్తుంది. పోర్టు ఎదురుగానే ఉన్నట్టుంటుంది. పగలు ఊళ్లోకి రానివ్వరు. బైపాస్ ఎక్కి, మాధవరం, మనలి చుట్టి, ఎన్నూరు వైపు నుంచి దిగి క్యూలో నిలబడాలి. ఆ క్యూలో డ్రైవరూ క్లీనరూ ఎక్కడ పడుకుంటారు, స్నానం ఎక్కడ చేస్తారు అని ఏ ప్రారంభ సభలోనైనా ఎవరైనా మాట్లాడగా విన్నారా?

రోడ్డు వేస్తే లారీ పోర్టు దాకా తొందరగా వస్తుంది, ఒప్పుకుంటా. గేటు లోపల కాగితాల పని, దించే పని కూడా అంతే జోరుగా సాగాలి కదా. పార్కింగ్ యార్డు, మరుగుదొడ్లు ముందే కట్టాలి. లేకపోతే ఎన్నూరు రోడ్డు మీది క్యూ కాస్తా వంతెనెక్కుతుంది. కింద ఉంటే కనీసం టీ కొట్టయినా ఉంటుంది, పైన అదీ ఉండదు.