కప్పు ఎస్టిమేట్‌లో లేదు సార్

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956 నవంబరులో ఆ రాజధాని కాస్తా హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఉద్యోగుల కోసం ఏ, బీ, సీ క్యాంపుల్లో కట్టిన క్వార్టర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. కాబట్టి సర్కారు కట్టిన పాత ఇళ్లంటే ఏమిటో మా ఊరికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మా కాలనీకి అభివృద్ధి నిధులొచ్చాయి అనగానే అందరం ఒకే మాట అనుకున్నాం: ఆర్చి కడతారు.

కట్టారు. బ్రహ్మాండంగా ఉంది. రోడ్డు వైపు గోడలన్నిటికీ రంగు కూడా వేశారు, వెనక గోడలకు వెయ్యలేదు, తనిఖీకొచ్చే కారు సందులోకి పట్టదు కదా మరి. పార్కులో బెంచీలు వేశారు, మా ఎండకి ఏప్రిల్ మధ్యాహ్నం వాటిమీద దోసె పోసుకోవచ్చు.

మా వంటింట్లో స్లాబు పెచ్చులూడి చువ్వలు కనపడుతున్నాయి. వాన పడితే పొయ్యి పక్కన ఒక బకెట్టు, బియ్యం డబ్బా మీద ఒక గిన్నె. మేస్త్రీని పిలిచి చూపించాను.

"అది ఎస్టిమేట్‌లో లేదు సార్."

"మరి ఏముందప్పా ఎస్టిమేట్‌లో?"

"శిలాఫలకానికి కప్పు ఉంది సార్, గ్రానైట్‌ది."

నిజమే, వెళ్లి చూశాను. చుక్క నీరు దిగదు.

సింగపూర్‌లో కూడా 2007లో ఇలాంటి పథకమే పెట్టారు, హెచ్‌డీబీ అనే అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన పాత బ్లాకుల చుట్టూ నడకదారులు, ఆటస్థలాలు బాగుచేయడానికి, ఖర్చంతా ప్రభుత్వానిదే. కానీ వాళ్లకి పాపం పని చేయించుకోవడం చేతకాదు. ముందు అక్కడుండే వాళ్లని అడుగుతారు, అర్హత ఉన్న ఇళ్లలో కనీసం 75 శాతం సరేనంటేనే పని మొదలుపెడతారు. ఇంత టెన్షన్ ఎందుకు చెప్పండి? ఇక్కడ ఎవరినీ అడగలేదు, అందువల్ల ఎవరూ వద్దనలేదు, అంటే నూటికి నూరు శాతం ఆమోదం. ఈ కిటుకు నేర్చుకోవడానికి వాళ్లే ఒకసారి కర్నూలు రావాలి. మనవాళ్లు అధ్యయనానికని అక్కడికి పోవడం మాత్రం ఎలాగూ ఆగదు, అది వేరే పద్దు.

డ్రైనేజీ సంగతి అడిగితే రెండో విడత అన్నారు. మంచిదే. ఆ రెండో విడతలో ఆర్చి వెనక వైపు కూడా కాస్త రంగు వేసి "ధన్యవాదములు, మళ్లీ రండి" అని పెద్ద అక్షరాలతో రాయించాలని నా విన్నపం, ఈ వానాకాలంలో ఇళ్లు ఖాళీ చేసి పోయేవాళ్లు చదువుకుంటారు.