సోమవారం రాత్రి ఎనిమిదికి బోర్న్‌మౌత్‌లో

న్యూకాజిల్ యునైటెడ్ అభిమానికి అసలు పండగ జూన్‌లో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ ఫిక్స్చర్ల జాబితా వచ్చిన రోజున మొదలవుతుంది. సొంత మైదానం సెయింట్ జేమ్స్ పార్క్‌లో ఎవరితో ఎప్పుడు ఆడతామన్నది తర్వాత తీరిగ్గా చూసుకుంటారు. కళ్ళు ముందు పరిగెత్తేది పైఊళ్ళ మ్యాచ్‌ల మీదికే. బ్రైటన్ ఎప్పుడు, క్రిస్మస్ వారంలో మనల్ని ఏ మూలకి తోశారు, పక్కూరి ప్రత్యర్థి సండర్‌ల్యాండ్ ఎప్పుడు? 2025లో సండర్‌ల్యాండ్ మళ్ళీ పై డివిజన్‌కి వచ్చాక ఈ చివరి ప్రశ్నే మొదటిదైంది. మెట్రో ఎక్కితే అరగంట దూరం. ఆ అరగంట ప్రయాణం దగ్గరపడే కొద్దీ మా ఆఫీసులో సగం మంది ఇంకో సంగతి మాట్లాడటం మానేస్తారు.

ఇక్కడ న్యూకాజిల్‌లో మన తెలుగువాళ్ళలో చాలామందికి ఫుట్‌బాల్ అంటే సోఫా, టీవీ, పక్కన మిక్చర్ గిన్నె. నాకూ ఇష్టమే. కానీ టీవీ చూపించేది తొంభై నిమిషాల ఆటని. పైఊరి మ్యాచ్, అంటే ‘అవే’ మ్యాచ్‌లో అసలు రుచి దానికి ముందు వారంలో ఉంటుంది. టికెట్ దక్కడానికి పాత మ్యాచ్‌లకి వెళ్ళి కూడబెట్టుకున్న లాయల్టీ పాయింట్లు సరిపోయాయా లేదా, ఎవరి కారులో ఎవరు, కోచ్ బస్సు అయితే తెల్లవారకముందే ఎక్కడ ఎక్కాలి, మోకాలి నొప్పన్న మిడ్‌ఫీల్డర్ శుక్రవారం ట్రైనింగ్‌లో కనిపించాడా అని ఒకటే లెక్కలు. కిక్ ఆఫ్‌కి గంటంబావు ముందు జట్టు పేర్లు బయటికొచ్చేసరికి సగం తిట్లు అయిపోయి ఉంటాయి. ఇంకో విచిత్రం, ఫుట్‌బాల్‌కి వెళ్ళే కోచ్‌లో మందు ముడితే 1985 నాటి చట్టం ప్రకారం నేరం. అదే కోచ్‌లో క్రికెట్‌కి వెళుతుంటే ఎవరూ అడగరు!

ఆ పాయింట్ల గొడవ ఎందుకంటే సీట్లు తక్కువ. లీగ్ నియమం ప్రకారం వచ్చే జట్టు అభిమానులకి 3,000 సీట్లు. మైదానం చిన్నదైతే దాని మొత్తం సీట్లలో పదోవంతు. బోర్న్‌మౌత్ మైదానం పట్టేదే 11,000 పైచిలుకు. సెయింట్ జేమ్స్ పార్క్‌లో 52,000 మంది కూర్చునే క్లబ్బుకి అక్కడ దక్కేవి సుమారు 1,100. ఇంత గిరాకీ ఉన్నా ధర మాత్రం 30 పౌండ్లు దాటదు. అదేమీ క్లబ్బులు దయతలిచి ఇచ్చింది కాదు. అభిమానుల సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడాయి. 2016 ఫిబ్రవరిలో 77 పౌండ్ల టికెట్ పెడతామన్నందుకు లివర్‌పూల్ అభిమానులు వేలమంది సరిగ్గా 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న జట్టు చివరికి 2-2తో సరిపెట్టుకుంది. ఎదుటి జట్టు, నమ్మండి, సండర్‌ల్యాండే. తర్వాతి నెలలోనే క్లబ్బులన్నీ అవే టికెట్‌కి ఆ 30 పౌండ్ల హద్దు ఒప్పుకున్నాయి.

ధర విషయంలో గెలిచిన అభిమాని తేదీ విషయంలో మాత్రం ఓడిపోతూనే ఉన్నాడు. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం చెయ్యకూడదు. చిన్న క్లబ్బుల గేటు వసూళ్ళు పడిపోకుండా పెట్టిన పాత కట్టుబాటది, మంచిదే. కాని దానివల్ల టీవీకి ఎక్కాల్సిన ప్రతి మ్యాచ్ శనివారం మూడు గంటల వేళ వదిలి వేరే వేళకి మారాల్సిందే. 2025-26 నుంచి కొత్త ఒప్పందంలో ఏడాదికి 380 మ్యాచ్‌ల్లో కనీసం 267 టీవీకి వెళ్ళాయి. ఇక జూన్‌లో వచ్చిన జాబితాకి విలువేముంది?

సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విశాఖకి 60 రోజుల ముందు, బుకింగ్ తెరిచిన నిమిషంలోనే బెర్తులు పట్టుకుని, ఆఫీసులో సెలవు ఒప్పించుకుని, అత్తగారికి ఫోన్ చేసి చెప్పాక, పండగని సోమవారం రాత్రి ఎనిమిదికి మార్చాం అంటే ఎలా ఉంటుంది? న్యూకాజిల్ నుంచి బోర్న్‌మౌత్‌కి దాదాపు 350 మైళ్ళు. రాత్రి పదింటికి ఆట ముగిస్తే వెనక్కి రైలు ఉండదు. హోటల్ ఖర్చు, మర్నాడు సెలవు, పిల్లలకి బడి ఎగ్గొట్టడం... 30 పౌండ్ల టికెట్ ఎంతకి తేలిందో మీరే లెక్కేసుకోండి.

టీవీ డబ్బుతోనే లీగ్ నడుస్తోంది, సర్దుకుపోవాలి అంటారు కొందరు. అయితే టీవీ అమ్ముకుంటున్నదేమిటి? 2020 వేసవిలో ఖాళీ మైదానాల్లో ఆడించినప్పుడు ఆట అదే, ఆటగాళ్ళూ వాళ్ళే. అయినా చూసేవాళ్ళకి చప్పగా ఉంటుందని రికార్డు చేసిన జనం కేకలు వెనకనుంచి వినిపించారు. ఒక మూల కూర్చుని మొత్తం మైదానంతో కేకల్లో పోటీపడే ఆ వెయ్యిమందీ ప్రసారంలో భాగమే. వాళ్ళకి జీతం ఇవ్వనక్కర్లేదు, కనీసం తేదీ ముందుగా చెప్పాలి. 200 మైళ్ళు దాటిన ప్రయాణానికి సోమవారం రాత్రి ఆట అసలు పెట్టకూడదన్నది నా వాదన. అది కుదరని కోరికేం కాదు. 2018లో జర్మనీలో డార్ట్‌మండ్ అభిమానులు సోమవారం మ్యాచ్‌ని బహిష్కరిస్తే 81,000 మంది పట్టే మైదానానికి 54,000 మందే వచ్చారు. 2021-22 నుంచి అక్కడి పై లీగ్ బుండెస్‌లీగాలో సోమవారం ఆటలే ఎత్తేశారు.

ప్రయాణం చేసే అభిమానులంటే ఏమిటో మనవాళ్ళు ఒకసారి దగ్గరగా చూశారు. 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ మధ్య ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. మైదానమంతా కేరళ నుంచి వచ్చిన పసుపు జెర్సీలే. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్‌కి కప్పు తెచ్చాడు, అరిచేవాళ్ళు మాత్రం అటువైపే ఎక్కువ. డబ్బు కష్టాల్లో చేతులు మారిన ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అభిమానులుంటే ఆగేదని నేను అనను. కానీ భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ రహీమ్ గారి ఊళ్ళో, సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు బొంబాయి నుంచి ఎత్తుకొచ్చిన ఊళ్ళో, క్లబ్ వెళ్ళిపోతుంటే ఆ మాత్రం గొడవైనా జరగకపోవడం నాకు మింగుడుపడలేదు.

మన తెలుగు సంఘం ఏటా క్రికెట్ టోర్నీ పెడుతుంది, పిల్లలేమో బడిలో ఫుట్‌బాల్ ఆడతారు. వాళ్ళని ఒక్కసారైనా అవే ఎండ్‌లో, అంటే పైఊరి అభిమానులకి కేటాయించిన మూలలో, నిలబెట్టాలని నా ప్రతిపాదన. న్యూకాజిల్ టికెట్లు పాయింట్లు లేకుండా గుంపుగా దొరకవు కాబట్టి పక్కనే ఉన్న, కింది డివిజన్‌లో ఆడే గేట్స్‌హెడ్‌తో మొదలుపెడదాం. వాళ్ళు హార్ట్‌పూల్ వెళ్ళే శనివారం చూసి ఒక మినీ బస్సు మాట్లాడితే చాలు. ఆ స్థాయిలో సోమవారానికి తోసేంత ఆసక్తి టీవీవాళ్ళకి తక్కువ. తేదీ మారితే చాలావరకు వానవల్లే.