రిఫరీ పిల్లలకు మెంటర్లెందుకు, మేముండగా!

కుర్ర రిఫరీలకు మెంటర్లను పెట్టే జబ్బు ఈ మధ్య ఫుట్‌బాల్ సంఘాలకు అంటుకుంది. మైదానం అంచున ఒక పెద్దమనిషి నిలబడతాడు. చేతిలో చిన్న పుస్తకం, జేబులో పెన్ను. ఆట సాగినంతసేపూ నోరు మెదపడు. హాఫ్‌టైమ్‌లో రిఫరీ పిల్లనో పిల్లాణ్ణో పక్కకు పిలిచి మెల్లగా రెండు ముక్కలు చెబుతాడు. దీనికి శిక్షణ అని పేరు! ఆటగాళ్ల తల్లిదండ్రుల తరఫున, కోచ్‌ల తరఫున, ఊరికే చూసిపోదామని వచ్చి ఊరుకోలేకపోయిన బాబాయిల, మావయ్యల తరఫున ఈ ధోరణిని తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఆ శిక్షణ మేం ఏనాటి నుంచో ఇస్తున్నాం. పైసా పుచ్చుకోకుండా, ఎవరూ అడక్కుండా, ఎండనక వాననక టచ్‌లైన్ పొడవునా నిలబడి గొంతు బొంగురుపోయేదాకా ఇస్తున్నాం. పద్నాలుగేళ్ల పిల్లకు ఒకేసారి పాతికమంది గురువులు దొరకడం ఇంకే విద్యలోనైనా ఉందా? అదీ ఒకరి మాట ఒకరికి పడని గురువులు. సగంమంది పెనాల్టీ అంటే సగంమంది వాడే కావాలని పడ్డాడంటారు. విషయాన్ని అన్ని వైపుల నుంచీ చూడటం పిల్లలకు అలవాటు కావాలంటే అంతకు మించిన దారి లేదు.

చరిత్ర తెలియనివాళ్లు మమ్మల్ని బయటివాళ్లంటారు. ఆ మాటకొస్తే ఒకప్పుడు రిఫరీ కూడా బయటివాడే. తొలినాళ్లలో జట్టుకొకరు చొప్పున ఇద్దరు అంపైర్లుండేవారు. వాళ్లిద్దరికీ పొసగనప్పుడు గీత అవతల ఉన్న రిఫరీని అడిగేవారు. 1891లో ఆ రిఫరీని మైదానం లోపలికి పంపి, అంపైర్లను లైన్స్‌మెన్‌గా మార్చి గీత మీదికి నెట్టేశారు. దాంతో గీత బయట నిలబడి తీర్పు చెప్పే పెద్దమనిషి స్థానం ఖాళీ అయింది. ఆటకు ఆ లోటు తెలియకూడదనే మేం వచ్చి నిలబడుతున్నాం. తేడా ఒకటే. ఆయన అడిగితే చెప్పేవాడు.

ఇక పిల్లలకిచ్చే కోర్సు సంగతి. ఇంగ్లండ్‌లో పద్నాలుగేళ్లు నిండితే చేరొచ్చు. పదిహేడు నిబంధనలూ చదివిస్తారు. మామూలు ఫౌల్‌కి చిన్న ఈల, మోటు ఫౌల్‌కి పెద్ద ఈల వెయ్యమంటారు. హెచ్చరించే ఎల్లో కార్డు ఒక జేబులో, బయటికి పంపే రెడ్ కార్డు ఇంకో జేబులో పెట్టుకోమంటారు, కంగారులో ఒకదానికి బదులు ఇంకోటి రాకుండా. బంతి వెనకాల పడి పరిగెత్తకుండా మైదానాన్ని ఏటవాలుగా ఎలా చుట్టాలో చూపిస్తారు. ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చిన స్టాన్లీ రౌస్ తర్వాత ఫిఫా అధ్యక్షుడు కూడా అయ్యాడు. ఇవన్నీ నేర్చుకుని ఆ పిల్ల మైదానంలోకి వస్తుంది. మేం ఇందులో ఒక్క ముక్కా నేర్చుకోకుండానే వస్తాం. అయినా ఫౌలో కాదో ఆమె కంటే ముందు మాకే తెలిసిపోతుంది. ప్రతిభ అంటే అదీ.

అసలు ఆ పుస్తకం చదవడం వల్లే పిల్లలు చెడిపోతున్నారు. గీత దాటిన బంతిని చేత్తో లోపలికి విసిరే త్రోయిన్ నుంచి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్, అంటే డిఫెండర్లను దాటి ముందే గోల్ దగ్గర కాచుకున్న తప్పు, లేదట. గోల్‌కిక్‌కీ లేదట, కార్నర్‌కీ లేదట. మేం ప్రతి ఆదివారం త్రోయిన్‌కి ఆఫ్‌సైడ్ అడుగుతాం, వాళ్లు ప్రతి ఆదివారం ఇవ్వరు. చేతికి బంతి తగిలిన ప్రతిసారీ హ్యాండ్‌బాల్ కాదట. మరి దానికి ఆ పేరెందుకు పెట్టారో! చాలదన్నట్టు ఏటా ఏదో ఒకటి మారుస్తుంటారు. గోల్‌కిక్ పెనాల్టీ ఏరియా దాటకపోయినా ఆట మొదలైనట్టేనని 2019లో మార్చారు. గోల్‌కీపర్ బంతిని ఎనిమిది సెకన్లు దాటి చేతుల్లో ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ అని 2025లో మార్చారు. మేం మాత్రం మా చిన్నప్పుడు వీధిలో ఆడిన నిబంధనలనే ఇప్పటికీ నమ్ముకుని ఉన్నాం. నిలకడ ఎవరిదో పాఠకులే తేల్చుకోవచ్చు.

మెంటర్ల నిర్వాకం ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఆ రోజు రిఫరీకి పదిహేనేళ్లుంటాయి. పెద్దవాళ్ల కొలతకు కుట్టిన నల్లచొక్కా, మోచేతులు దాటిన చేతులు, మణికట్టున వదులుగా తిరిగే వాచీ. ఈలను పళ్ల మధ్య కరిచిపట్టుకుని పరిగెడుతోంది. మా ముందే బంతి గీత దాటింది. ఇద్దరు కుర్రాళ్లూ మాదంటే మాదని చేతులెత్తారు. ఆమె ఈల వేసింది. చెయ్యి ఎడమకు వెళ్లి, అక్కడ మనసు మార్చుకుని, కుడికి వచ్చింది. ఇంకేముంది, మా పాఠశాల తెరుచుకుంది. “కళ్లజోడు తెచ్చుకోలేదా పాపా?” అన్నాడొకాయన. “అటా ఇటా? లేకపోతే చీటీలు వేద్దామా?” అన్నారు ఇంకొకరు. మా కోచ్‌గారు నీళ్ల సీసాను నేలకేసి కొట్టారు. దృశ్యబోధన పిల్లలకు బాగా ఎక్కుతుందని ఆయన నమ్మకం.

హాఫ్‌టైమ్‌లో మెంటర్ ఆ పిల్లను మైదానం మధ్యకు తీసుకెళ్లాడు, మాకు వినబడకూడదని కాబోలు. నేను బంతి అందిస్తున్నట్టు నటిస్తూ దగ్గరికి వెళ్లి విన్నాను.

“ఈల నోట్లో పెట్టుకుని పరిగెత్తకమ్మా. చేతిలో పట్టుకో. చెయ్యి నోటిదాకా వచ్చేలోపు ఒక్క క్షణం దొరుకుతుంది. ఆలోచించుకోవడానికి అది చాలు.”

“సరే సార్. ఆ త్రోయిన్ తప్పా?”

“మొదట చూపించిన వైపే కరెక్ట్. నీ కన్ను సరిగ్గానే చూసింది, ఈలే తొందరపడింది.”

“ఇంకేమైనా ఉన్నాయా సార్?”

“ఇవాళ్టికి ఇదొక్కటే.”

ఒక్కటే! అతగాడి పుస్తకంలో పేజీ నిండా రాతలు నేను చూశాను. అన్నీ మింగేసి ఒక్కటి చెప్పాడు. ఒక మ్యాచ్‌లో ఒక్క విషయం సరిచేసుకుంటే చాలని వీళ్ల సిద్ధాంతమట. అదే హాఫ్‌లో మేం ఎన్ని చెప్పాం! ఆమె కళ్లు, కాళ్లు, చదువు, పెంపకం, ఎదుటి జట్టుతో చుట్టరికం, ఏ అంశాన్నైనా వదిలిపెట్టామా? సిలబస్ మొత్తం మేం పూర్తిచేస్తే జీతం మాత్రం అతనికి. అది జీతం కాదు, దారిఖర్చులేనని ఎవరో అన్నారు గానీ, సూత్రం సూత్రమే.

సెకండాఫ్‌లో ఏమైందో కూడా చెప్పాలి. మావాణ్ణి వాళ్ల డిఫెండర్ వెనక నుంచి తన్నాడు. మేమంతా ఒక్క గొంతుతో ఫౌల్ అని లేచాం. ఈల పిల్ల చేతిలోనే ఉంది. నోటిదాకా రాలేదు. మావాడు తూలాడు, పడలేదు, బంతి వదల్లేదు. ఆమె రెండు చేతులూ ముందుకు చాచి ఆడండి అన్నట్టు చూపించింది. అడ్వాంటేజ్ అంటారట దాన్ని. ఏం అడ్వాంటేజ్, ఎవరికి అడ్వాంటేజ్ అని మేం నిలదీస్తుండగానే మావాడు గోల్ కొట్టాడు. నిలదీయడం అక్కడితో ఆపి చప్పట్లు కొట్టాం. శిక్షకులన్నాక ఆ మాత్రం చురుకుదనం ఉండాలి.

మెంటర్లు చెప్పే కథలు కూడా ప్రమాదకరమైనవే. 2006 ప్రపంచకప్‌లో గ్రాహం పోల్ అనే ఇంగ్లండ్ రిఫరీ క్రొయేషియా ఆటగాడు షిమునిచ్‌కి రెండో ఎల్లో కార్డు చూపించి కూడా, రెండు ఎల్లోలైతే పంపాల్సిందే అయినా, బయటికి పంపలేదు. మూడోది చూపించాక గానీ పంపలేదు. కార్డు తీసిన ప్రతిసారీ నంబరూ జట్టూ సరిచూసుకుని రాయమని పిల్లలకు చెప్పడానికి ఈ కథ వాడుకుంటారు. అంతవరకైతే ఫర్వాలేదు. అంతటివాడికే అలా జరిగింది, నువ్వు ఇవాళ త్రోయిన్ తప్పిస్తే కొంప మునగదు అని వీపు తట్టి మరీ పంపిస్తారు. అలా ధైర్యం నూరిపోస్తే ఆ పిల్లలు వచ్చే వారం మళ్లీ వచ్చేస్తారు!

2010 ప్రపంచకప్ ఫైనల్‌నే తీసుకోండి. నెదర్లాండ్స్ ఆటగాడు డి యోంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు అలోన్సో ఛాతీ మీద దిగింది. రిఫరీ హోవర్డ్ వెబ్ ఎల్లోతో సరిపెట్టాడు. తనకు సరిగ్గా కనబడలేదనీ, అది రెడ్ కార్డేననీ తర్వాత ఆయనే అన్నాడు. ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లిన మనిషి, దగ్గరే ఉండి, చూడలేకపోయాడు. మేం మైదానం అవతలి మూల నుంచి, ముందు మూడు గొడుగులు అడ్డంగా ఉన్నా, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ కూడా చూడగలం. ఇంతటి నేత్రసంపదను వదిలేసి వీళ్లు కోర్సులు పెట్టుకుంటున్నారు.

మమ్మల్ని వాడుకోకపోతే మానె, కక్ష కట్టడం దేనికి? కార్డులు కనిపెట్టిన ఇంగ్లండ్ రిఫరీ కెన్ ఆస్టన్ ఉద్దేశం మంచిదే. 1966 ప్రపంచకప్ గొడవలు చూశాక, ట్రాఫిక్ లైట్ల దగ్గర ఆయనకా ఆలోచన తట్టింది. 1970లో మెక్సికోలో కార్డులు వాడుకలోకి వచ్చాయి. కానీ అవి ఆటగాళ్ల కోసం. 2019 నుంచి కోచ్‌లకూ చూపిస్తున్నారు. బెంచీ మీద అరిచిందెవరో తేలకపోతే అక్కడున్న పెద్ద కోచ్‌కే చూపించాలట. శిష్యురాలే మాస్టారికి టీసీ ఇచ్చి పంపడమన్నమాట! ఇంగ్లండ్‌లో కింది స్థాయి ఆటల్లోనైతే రిఫరీతో వాదించిన కుర్రాళ్లను కాసేపు బయట కూర్చోబెడుతున్నారు. పాపం, ఆ పిల్లలు వాడింది ఇంట్లో మా దగ్గర నేర్చుకున్న మాటలే.

ప్రేక్షకులకు కార్డు లేదు కదా అని సంబరపడేలోపే అయిదో నిబంధన ఎవరో చదివి వినిపించారు. బయటి జోక్యం ఉంటే రిఫరీ ఆట ఆపొచ్చు, మొత్తానికే రద్దు చేయొచ్చు. ప్రేక్షకుడు ఈల వేసి ఆటకు అడ్డొస్తే ఆపేసి, రిఫరీ బంతిని చేత్తో కిందికి వదిలే డ్రాప్‌బాల్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. ఆ వెంటనే, మైదానంలోకి జంతువు వస్తే ఏం చెయ్యాలో ఉంది. పిల్లలకు మెంటర్లు ఏ గౌరవాలు నేర్పుతున్నారో గానీ, పుస్తకం మమ్మల్ని ఏ వరుసలో కూర్చోబెట్టిందో గమనించండి.

2023లో ఇంగ్లండ్‌లో కొందరు రిఫరీల ఛాతీకి కెమెరాలు తగిలించి చూశారు, వాళ్లతో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో రికార్డు కావాలని. కొన్నిచోట్ల పద్దెనిమిది నిండని రిఫరీల చేతికి రంగు పట్టీ కడుతున్నారు, చిన్నపిల్లలని మేం గుర్తుపట్టాలట. గుర్తుపట్టకేం! చిన్నపిల్లలకు గట్టిగా చెబితే గానీ ఎక్కదని ఆ పట్టీ కనబడగానే ఇంకో స్థాయి పెంచుతాం.

ఫలితాల మాటకొస్తే మాతో పోటీ పడేవాళ్లు లేరు. మెంటర్ దగ్గర చేరిన పిల్ల ఏళ్ల తరబడి నేర్చుకుంటూనే ఉంటుంది. మొదట చిన్నపిల్లల ఆటలు, తర్వాత జెండా పట్టుకుని పెద్దల ఆటలు, అలా మెట్టుమెట్టుగా. ఫిఫా అంతర్జాతీయ జాబితాలో రిఫరీగా చేరడానికే ఇరవై అయిదేళ్లు రావాలి. ఎప్పటికి తెమిలే చదువు అది? మా దగ్గరైతే చాలామందికి ఒక సీజన్‌లోనే పూర్తయిపోతుంది. రెండో సీజన్‌కు ఈల, జెండా సంఘానికి తిరిగిచ్చేసి హాయిగా ఇంట్లో ఉంటారు. పోయినేడాది మా దగ్గరికొచ్చిన ఓ కుర్రాడు నాలుగో మ్యాచ్‌కే పట్టా పుచ్చుకున్నాడు. వాళ్ల నాన్న వచ్చి తీసుకెళుతుంటే కళ్లు తుడుచుకుంటున్నాడు. గురువులను విడిచి వెళ్లడం ఎవరికైనా కష్టమే.

దీని మీద సంఘం ఏమంటుందో తెలుసా? రిఫరీలు చాలడం లేదట! ఇంటింటికీ ఉత్తరం పంపింది. తల్లిదండ్రులే కోర్సు చెయ్యండి, రుసుము మేమే కడతాం, మెంటర్‌ను కూడా ఇస్తాం అని. ఈ ఎత్తుగడను మేం ముక్తకంఠంతో తిప్పికొట్టాం. నాకు మోకాళ్లు. పక్కాయనకు నడుము. ఇంకొకాయనకు ఆదివారాలు ఖాళీ ఉండదు. ఆ మాట ఆయన ఆదివారం నాడు టచ్‌లైన్ దగ్గరే చెప్పాడు.

చివరికి ఒక వారం రిఫరీయే రాలేదు. ఈల ఎవరు పట్టుకుంటారని కోచ్ అడగ్గానే ఇంతమందికీ ఒక్కసారే బూటు లేసులు ఊడాయి. ఎవరి మాటకూ అడ్డు చెప్పలేని మెత్తని మనిషి ఒకాయన దొరికితే ఆయన్ని లోపలికి నెట్టాం. మొదటి త్రోయిన్‌కే చెయ్యి అటు చూపించి ఇటు తిప్పాడు. మావాడే కదా అని మేం పక్షపాతం చూపలేదు, పూర్తి కోర్సు ఇచ్చాం. హాఫ్‌టైమ్ కాగానే ఆయన ఈలను సెంటర్ స్పాట్ మీద పెట్టి, తిన్నగా వచ్చి మా పక్కన నిలబడ్డాడు. సెకండాఫ్ మొదలైన నిమిషానికే ఫౌల్, ఫౌల్ అని మా అందరికంటే గట్టిగా అరిచాడు. లోపల రిఫరీ లేడన్న సంగతి కాసేపటికి గానీ ఆయనకు తట్టలేదు.