తినదగిన నల్లరేగడి

పిల్లలు మట్టి తినకూడదన్న విషయంలో తెలుగువారికి ఇంతవరకు భేదాభిప్రాయం లేదు. యశోదమ్మ నాటి నుంచి నేటి దాకా అనుమానం వచ్చిన తల్లి బిడ్డను పట్టుకోవడం, నోరు తెరిపించి చూడడం, లోపల బ్రహ్మాండం కనిపించని పక్షంలో వీపు మీద ఒకటి వేయడం అనే విధానం చెక్కుచెదరకుండా నడుస్తూ వచ్చింది. తరతరాల ఈ ఏకాభిప్రాయాన్ని ఈ వేసవి సెలవులలో ఒంగోలు అపార్ట్‌మెంట్లలోని తల్లిదండ్రులు ఒక గాజు గ్లాసుతో భగ్నం చేశారు.

విషయం తెలియని పెద్దల కోసం 'డర్ట్ కప్', అంటే మట్టి గ్లాసు, అనే ఆ విదేశీ తీపి వంటకాన్ని వర్ణించవలసి ఉంది. అడుగున చాక్లెట్ బిస్కెట్ల పొడి ఉంటుంది. దాని మీద పాలు, చక్కెర, కోకో, కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరచిన పుడ్డింగు, ఆపైన ఒక తెల్లని మీగడ పొర, అన్నిటికంటే పైన మళ్లీ నల్లని బిస్కెట్ పొడి వస్తాయి. ఆ పొడిలోంచి సగం బయటికి, సగం లోపలికి ఉండేటట్లు రంగురంగుల జెల్లీ ఎర్రలను, అంటే వానపాముల ఆకారపు మిఠాయిలను, అమరుస్తారు. దూరం నుంచి చూసిన రైతెవరైనా అందులో శనగ వేయవచ్చునని అనుకుంటాడు. అమెరికాలో దీనిని బుల్లి పూలకుండీలలో పెట్టి, ఆటబొమ్మ పారతో వడ్డించే సంప్రదాయం కూడా ఉంది. ఉలవపాడు నుంచి మామిడిపండ్ల బుట్టతో వచ్చిన ఒక నాయనమ్మ ఆ గ్లాసును రెండువైపులా తిప్పి చూసి, మనవడిని, "ఏంది అబ్బయా ఇది, తింటావా, నాటుతావా?" అని అడిగారు. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరైనా వేసిన శాస్త్రీయమైన ప్రశ్న అదొక్కటే.

నేను ఈ వంటకానికి వ్యతిరేకిని కాను. దానికి ప్రభుత్వ గుర్తింపు రావాలని కోరుకునేవారిలో ఒకడిని. ఎందుకంటే ఇది మన అభివృద్ధి విధానానికి సహజమైన పర్యవసానం. మొదట ఇంటి ముందు వాకిలికి సిమెంటు చేయించాము. తరువాత పెరడు అమ్మి మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాము. ఆ ఫ్లాటులో చీమకుర్తి గుట్టలను తొలిచి తెచ్చిన గెలాక్సీ గ్రానైటును, బంగారు చుక్కలతో సహా, వంటగది గట్టు మీద పరిపించాము. బిడ్డ పాదానికి గాని, చేతికి గాని ధూళి అంటుకునే అవకాశమే లేకుండా చేసుకున్నాక, బాల్యంలో మట్టి స్పర్శ అత్యవసరమని సెల్‌ఫోనులో ఒక వీడియో చూసి తెలుసుకున్నాము. ఇప్పుడు అదే గ్రానైటు గట్టు మీద, బిస్కెట్ పాకెట్ల ధరకు కొన్న మట్టిని, చెంచాతో కొలిచి, పొరలు పొరలుగా పరుస్తున్నాము. ట్రాక్టరు లెక్కన దొరికే నల్లరేగడిని కాదని గ్లాసు లెక్కన కొనే స్తోమత మన జిల్లాకు వచ్చిందంటే గర్వించవలసిందే తప్ప గొణగవలసింది లేదు.

మా తరానికి ఈ సౌకర్యం లేకపోయినా ఖనిజాహారానికి లోటు ఉండేది కాదు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దమని ఇచ్చిన బలపంలో సగం పలక మీద అరిగేది, సగం నోట్లో కరిగేది. పొయ్యి అక్కరలేని ఆ పదార్థానికి వంటకమనే హోదా మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పొయ్యి ప్రస్తావన వచ్చింది గనుక ఒక అపోహను తొలగించాలి. ఈ వంటకం నిప్పు అవసరం లేనిదనీ, కాబట్టి పిల్లలే స్వయంగా చేసుకోవచ్చుననీ ప్రచారం సాగుతోంది. ఓవెన్ అక్కరలేదన్నది నిజమే. అయితే కార్న్‌ఫ్లోర్‌ను చల్లని పాలలో ఉండలు లేకుండా కలిపి, మిగిలిన పాలలో పోసి, అడుగంటకుండా తిప్పుతూ, బుడగలు వచ్చేదాకా ఉడికించకపోతే పుడ్డింగు చిక్కబడదు, పచ్చి వాసనా పోదు. ఆ తిప్పే మనిషి ఎవరన్నది వీడియోలో కనిపించదు. ఒక చేయి మాత్రమే కనిపిస్తుంది, ఆ చేతికి గాజులుంటాయి. కోకోకు బదులు చాక్లెట్ వాడేవారికి, దానిని కరిగించడానికి వేడినీళ్ల గిన్నె మీద మరో గిన్నె పెట్టాలని కూడా చెబుతారు. ఈ నిబంధన చలిదేశాల కోసం రాసినది. కోకో వెన్న సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది గనుక, రోహిణీ కార్తెలో నలభై డిగ్రీలు దాటే నెల్లూరులో చాక్లెట్‌ను కరిగించడం సమస్యే కాదు. దుకాణం నుంచి ఇంటికి వచ్చేలోపు కరగకుండా చూడడమే సమస్య.

పిల్లలకు అప్పగించదగిన పనులు రెండున్నాయి. క్రీము బిస్కెట్లను విడదీసి క్రీము తొలగించడం మొదటిది. దానిని వారు నాలుకతో, అసాధారణమైన క్రమశిక్షణతో నిర్వర్తిస్తారు. బిస్కెట్లను కవరులో వేసి అప్పడాల కర్రతో నలగగొట్టడం రెండవది. ఇందులో వారి ఉత్సాహం బిస్కెట్లు పొడి అయిన తరువాత కూడా ఆగదు. తెల్లని పొర దగ్గరికి వచ్చేసరికి పెద్దలకు పరీక్ష మొదలవుతుంది. మామూలు దుకాణాలలో దొరికే ఫ్రెష్ క్రీములో వెన్న శాతం ఇరవై అయిదుకు మించదు. ముప్ఫై దాటితే తప్ప మీగడ గిలక్కొట్టినప్పుడు నురగగా నిలబడదు. ఇది తెలియక చేతులు పడిపోయేదాకా గిలక్కొట్టిన తండ్రులు ఈ పట్టణంలో అనేకులున్నారు. పలుచని గుడ్డలో పెరుగు మూటకట్టి, నీరంతా కారిపోయేదాకా వేలాడదీసి, చక్కెర కలిపితే సరిపోతుందని ఏ నాయనమ్మను అడిగినా చెబుతుంది. అయితే అప్పుడది విదేశీ వంటకంగా మిగలదన్న భయం ఉంది.

ఇక ఎర్రల విషయం. మన ప్రాంతంలో ఎర్ర అంటే గాలానికి గుచ్చేది. దానిని మింగిన చేప పులుసులోకి వస్తుంది. చేపకు వేయవలసినదాన్ని బిడ్డకు వేయడంలో ఉన్న ఔచిత్యాన్ని నెల్లూరు చేపల పులుసు ఎరిగినవారు ఎవరైనా ప్రశ్నిస్తారు. అంతకంటే గంభీరమైనది ప్రభుత్వ విధానానికి సంబంధించిన అభ్యంతరం. 2015లో ప్రారంభమైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరిట ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడులలో, అంగన్‌వాడీలలో పిల్లలందరిచేత అల్బెండజోల్ మాత్ర నమిలిస్తున్నారు. ప్రభుత్వం ఏటా రెండుసార్లు కడుపులోంచి బయటికి పంపుతున్నవాటిని మనం ప్రతి ఆదివారం వరుసగా లోపలికి పంపుతున్నాము. 1981లో జర్మనీకి చెందిన ట్రోలీ కంపెనీ ఈ జెల్లీ పురుగులను బజారులోకి తెచ్చినప్పుడు మన ఆరోగ్యశాఖను సంప్రదించినట్లు లేదు. వీటిలో చాలావాటికి సాగే గుణం ఇచ్చేది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్. కాబట్టి శాకాహారుల ఇళ్లలో పాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో, గోధుమరంగు త్రికోణం ఉందో చూసిన తరువాతే ఎర్రకు గృహప్రవేశం కల్పించాలి. అదే ఇంట్లో నాయనమ్మ తెచ్చిన ఉలవపాడు మామిడిపండు తొక్క, గుజ్జు, టెంక అనే మూడు పొరలతో, పొయ్యి గాని ఫ్రిజ్ గాని అవసరం లేకుండా, సహజంగానే సిద్ధమై వస్తుంది. దానిలో ఒక్క పురుగు కనిపించిందా, బుట్ట మొత్తాన్ని తిప్పి పంపేది ఈ తల్లిదండ్రులే.

గ్లాసులను మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. పై మట్టినీ, ఎర్రలనూ వడ్డించే ముందే వేయాలి. ముందుగా వేస్తే బిస్కెట్ పొడి తడిసి ముద్దవుతుంది, ఎర్రలు చెమ్మ పీల్చి జిగటగా, నిజమైనవాటికి మరీ దగ్గరగా తయారవుతాయి.

చివరిగా రెవెన్యూ శాఖ తేల్చవలసిన అంశం ఒకటి మిగిలింది. పైన పొడినేల, కింద బురద ఉన్న ఈ భూమిని మెట్టగా నమోదు చేయాలా, మాగాణిగా నమోదు చేయాలా? విడివిడి గ్లాసులలో చేసినప్పుడు ఎవరి పట్టా వారిది గనుక తగాదా రాదు. బద్ధకించి ఒకే పెద్ద గాజు పళ్లెంలో పరచినప్పుడే అన్నదమ్ముల మధ్య చెంచాతో సర్వే, హద్దురాళ్లు, ఆక్రమణ ఆరోపణలు మొదలవుతాయి. అన్నిటికంటే చిక్కైనది హద్దు మీద అడ్డంగా పడుకున్న ఎర్ర. తల ఎవరి వాటాలో ఉంటే ఎర్ర వారిదని ఒక తాతగారు తీర్పు చెప్పారు. తీర్పు న్యాయమైనదే గాని, జెల్లీ ఎర్రకు రెండు కొసలూ ఒకేలా ఉండడం వల్ల తల ఏదో నిర్ణయించడానికి విచారణ అవసరమైంది. విచారణ జరుగుతుండగానే చిన్నవాడు వివాదాస్పదమైన ఆస్తిని మింగివేసి, తలా తోకా రెండూ తన వాటాలోనే ఉన్నాయని వాంగ్మూలం ఇచ్చాడు.